ఘటం ఎన్నాళ్లు మన్నుతుంది? - విద్యుత్ కారు బ్యాటరీ ఆయుష్షు కథ



మన భాషలో 'ఘటం' అన్న మాటకు ముఖ్యంగా మూడు అర్థాలున్నాయి. కుండ మొదటిది. శరీరం రెండవది. బడిలో సైన్సు మాష్టారు బల్ల మీద పెట్టి చూపించే విద్యుత్ ఘటం మూడవది. మూడింటికీ ఉమ్మడి గుణం ఒకటున్నది. మూడూ లోపల ఏదో ఒకటి నింపుకొని ఉంటాయి, వాడకంతో అరుగుతాయి, ఏనాటికో పనికి రాకుండా పోతాయి. ఎంతకూ లొంగనివాణ్ణి 'మొండిఘటం' అంటాము. ఈ వ్యాసంలో అటువంటి మొండిఘటం ఒకటి ఎదురవుతుంది. అయితే అది మనిషి కాదు, బ్యాటరీ.

విద్యుత్తుతో నడిచే కారు కొనదలచినవారు మొట్టమొదట అడిగే ప్రశ్న, "బ్యాటరీ ఎన్నాళ్లు మన్నుతుంది?" అనే. కారు ఖరీదులో పెద్ద వాటా దానిదే కనుక ఆ ప్రశ్న న్యాయమైనది. పదవీ విరమణ సొమ్ముతో కారు కొనే నా బోటివాడికి అది నిద్ర పట్టనీయని ప్రశ్న. అప్పు చేసి కారు కొని, అద్దెకు తిప్పి బతుకుదామనుకొనే యువకునికైతే అది అన్నం ప్రశ్న. దీనికి వినవచ్చే సమాధానాలు రెండే రకాలు. "అయిదేళ్లలో పోతుంది, కారు తుక్కు" అనేవారు ఒకరు, "జీవితాంతం చూడనక్కరలేదు" అనేవారు మరొకరు. ఉభయులూ ఇది నిన్న మొన్న పుట్టిన సమస్య అన్నట్లే మాట్లాడతారు. నిజానికి ఈ ప్రశ్నకు నూట పాతికేళ్ల పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలిస్తే పై రెండు సమాధానాలలో ఎంత నిజమున్నదో ఎవరికి వారే తూచుకోవచ్చును.

మళ్లీ మళ్లీ నింపుకొనగల బ్యాటరీని మొదట చేసినవాడు ఫ్రాన్సు దేశీయుడు గాస్తోఁ ప్లాంటే. అది 1859. రెండు సీసపు రేకులను నడుమ తాకకుండా చుట్టగా చుట్టి, పలుచని గంధకామ్లంలో ముంచాడు. 1881లో అదే దేశానికి చెందిన కమీల్ ఫోర్ సీసపు పలకలకు సీసపు ఆక్సైడును పేస్టుగా పూసి, ఘటం పట్టే విద్యుత్తును బాగా పెంచాడు. ఆ సంవత్సరమే గుస్తావ్ త్రూవే పారిస్ నగరంలో విద్యుత్తుతో నడిచే మూడు చక్రాల బండిని నడిపాడు. 1899 ఏప్రిల్ 29న బెల్జియం దేశీయుడు కమీల్ జెనాట్జీ పారిస్ సమీపంలోని అషేర్ వద్ద విద్యుత్ బండి మీద గంటకు 105 కిలోమీటర్ల వేగాన్ని దాటాడు. నేల మీద నడిచే బండ్లలో గంటకు నూరు కిలోమీటర్లు దాటిన మొదటి మోటారు బండి పెట్రోలుది కాదు, బ్యాటరీది.

వేగం సరే, మన్నిక మాటేమిటి? ఫోర్ పూసిన పేస్టే ఘటానికి బలమూ అయినది, బలహీనతా అయినది. సీసపు బ్యాటరీ విద్యుత్తును ఇస్తున్నపుడు పలకల మీది పదార్థం లెడ్ సల్ఫేటుగా మారి ఉబ్బుతుంది. తిరిగి ఛార్జి చేస్తే పూర్వరూపానికి వచ్చి కుంచించుకుపోతుంది. ఈ ఉబ్బడం, తగ్గడం వందలసార్లు జరిగేసరికి పేస్టు పలకను వదిలి రాలుతుంది. గోడ సున్నం పెచ్చులూడినట్లన్నమాట. రాలినది అడుగున మడ్డిగా పేరుకొని, పలకల అంచులను తాకిన రోజున ఘటం లోపలే షార్టు సర్క్యూటు అవుతుంది. దీనికి తోడు ఖాళీ అయిన బ్యాటరీని అలాగే వదిలేస్తే సల్ఫేటు గట్టి పలుకులుగా బిగుసుకొని, ఆపైన ఎంత ఛార్జి చేసినా కరగదు. ఇక ఆనాటి రాళ్ల బాటలలో బండి కుదుపులు ఎంతటివో చెప్పనక్కరలేదు.

ఈ ప్రశ్న వ్యాపారాలను ముంచిన మొదటి సందర్భం లండనులో కనబడుతుంది. 1897లో వాల్టర్ బెర్సీ అనే ఇంజనీరు రూపొందించిన విద్యుత్ టాక్సీలు అక్కడ తిరిగాయి. వాటి చప్పుడును బట్టి జనం వాటికి 'హమ్మింగ్ బర్డ్స్' అని ముద్దుపేరు పెట్టారు. ఒక ఛార్జికి సుమారు 50 కిలోమీటర్లు నడిచేవి. ఖాళీ బ్యాటరీని యంత్రంతో దించి, నిండుదానిని ఎక్కించే ఏర్పాటు కూడా ఉండేది. నేడు కొత్త ఊహగా చెప్పుకొంటున్న బ్యాటరీ మార్పిడి ఆనాడే ఉన్నదన్నమాట. న్యూయార్కులోనూ అదే కాలంలో అదే పద్ధతిలో టాక్సీలు నడిచాయి. కానీ బరువైన బండి కింద టైర్లు అరిగిపోయాయి, కుదుపులకు పలకలు పాడయ్యాయి, మరమ్మతు ఖర్చు రాబడిని మింగింది. 1899 నాటికే లండను కంపెనీ మూతపడింది. బ్యాటరీ ఒక రోజు ఎంత దూరం నడుపుతుంది అన్న లెక్క వారి దగ్గర ఉన్నది. ఎన్ని నెలలు నడుపుతుంది అన్న లెక్క అనుభవం మీదనే తెలిసింది.

ఇక్కడికి వస్తాడు ఎడిసన్. సీసము, ఆమ్లము అనే జంటే దోషభూయిష్టమని ఆయన నిశ్చయం. ఆమ్లానికి బదులు క్షారం, సీసానికి బదులు నికెలు, ఇనుము వాడి కొత్త ఘటం చేయ పూనుకొన్నాడు. స్వీడనులో వాల్డెమార్ యుంగ్నర్ కూడా ఆ కాలంలోనే ఇదే దారిలో పని చేస్తున్నాడు. 1901లో ఎడిసన్ బ్యాటరీ కంపెనీని స్థాపించాడు. 1903లో సరుకు బజారులోకి వచ్చింది. పత్రికలు ఆకాశానికెత్తాయి. ఏడాది తిరిగేసరికి ఫిర్యాదులు మొదలయ్యాయి. డబ్బాల అతుకుల దగ్గర ద్రవం కారుతున్నది, కొన్ని ఘటాలు పట్టే విద్యుత్తు తగ్గిపోతున్నది. 1904లో ఎడిసన్ తయారీ నిలిపివేసి, పాడైన బ్యాటరీలను వెనక్కు తీసుకొన్నాడు.

తరువాతి నాలుగైదేళ్లు అతడు చేసిన పని ఈ చరిత్రలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టం. వేలకొలది ప్రయోగాలు సాగాయి. చిల్లులున్న ఉక్కు గొట్టాలలో నికెల్ హైడ్రాక్సైడును, పలుచని నికెల్ రేకు తునకలను పొర మీద పొరగా కూర్చాడు. ద్రవంలో కొద్దిగా లిథియం హైడ్రాక్సైడు కలిపితే ఘటం సామర్థ్యం బాగుపడుతుందని కనుగొని 1908లో పేటెంటు పొందాడు. నేటి కార్ల బ్యాటరీకి పేరు తెచ్చిన లిథియం, శతాబ్దం కిందటి కారు బ్యాటరీలోనూ ఒక చిటికెడు ఉన్నదని ఎందరికి తెలుసు? 1909లో కొత్త ఘటం వచ్చింది. అదే పైన చెప్పిన మొండిఘటం. ఎక్కువ ఛార్జి చేసినా ఓర్చేది, పూర్తిగా ఖాళీ చేసినా ఓర్చేది, ఏళ్ల తరబడి మూలన పడేసినా మళ్లీ లేచేది. ఇరవై ఏళ్లకు మించి పనిచేసిన నికెల్-ఇనుము ఘటాలు అరుదు కాదు. ధర ఎక్కువ, చలిలో మందగిస్తుంది, ఊరికే ఉంచినా ఛార్జి కారిపోతుంది. ఇవి దాని లోపాలు. మన్నికలో మాత్రం దానికి సాటి లేదు.

ఎడిసనుకు పోటీగా సీసపు బ్యాటరీవారు కూడా ఊరుకోలేదు. అమెరికాలో ఎక్సైడ్ పేరుతో బ్యాటరీలు అమ్మే కంపెనీ 1910లో 'ఐరన్‌క్లాడ్' అనే రకాన్ని తెచ్చింది. రాలిపోయే పేస్టును సన్నని చీలికలున్న రబ్బరు గొట్టాలలో బంధించడం అందులోని కిటుకు. మన ఇళ్లలో ఇన్వర్టరు కింద ఉండే 'ట్యూబులర్' బ్యాటరీ ఈ వంశానిదే. కరెంటు పోయినపుడు ఫ్యాను తిప్పే ఆ ఘటం పూర్వీకులు శతాబ్దం కింద కార్లను, సరుకు బండ్లను నడిపాయి.

ఇంత శ్రమ ఫలించే వేళకు కాలం దాటిపోయింది. 1908 అక్టోబరులో ఫోర్డు 'మోడల్ టి' వచ్చింది. 1912లో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కారులో అమరింది. చేతితో హ్యాండిలు తిప్పే బాధ తప్పడంతో పెట్రోలు కారుకు ఉన్న పెద్ద ఇబ్బంది తొలగింది. విధి విలాసమేమంటే, ఆ స్టార్టరును తిప్పేది సీసపు బ్యాటరీయే. తన కారును తాను నడపలేకపోయిన ఘటం, ప్రత్యర్థి కారును నిద్ర లేపే ఉద్యోగంలో చేరింది. 1907లో మొదలైన డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కార్ల తయారీ 1939 వరకు కొడిగట్టిన దీపంలా సాగి ఆగిపోయింది. హెన్రీ ఫోర్డు భార్య క్లారా స్వయంగా ఆ డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారునే నడిపేవారన్నది చరిత్రలోని చిరునవ్వు. ఎడిసన్ ఘటం మాత్రం రైళ్లలో, గనులలో, సిగ్నళ్ల దగ్గర కొలువు చేసి, 1975లో అమెరికాలో తయారీ నిలిచిపోయే దాకా బతికింది. కాబట్టి మన్నికైన బ్యాటరీ లేనందువల్లనే తొలి విద్యుత్ కారు ఓడిపోయింది అనడం పూర్తి సత్యం కాదు. మన్నిక ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి ధర, దూరం, రోడ్డు పక్క దొరికే పెట్రోలు కలిసి పందెం ముగించేశాయి.

రెండవ అంకం 1996లో తెర లేచింది. జనరల్ మోటార్స్ వారి 'ఈవీ1' కారు మొదట సీసపు బ్యాటరీతో, 1999లో నికెల్-మెటల్ హైడ్రైడ్ బ్యాటరీతో వచ్చింది. కంపెనీ వాటిని అద్దెకే ఇచ్చి, తరువాత వెనక్కు తీసుకొని చాలావాటిని నుజ్జు చేసింది. అందువల్ల ఆ బ్యాటరీలు ఎన్నాళ్లు నిలిచేవో తేలనే లేదు. అదే కాలపు టయోటా 'రావ్4' విద్యుత్ కార్లను కాలిఫోర్నియాలో ఒక విద్యుత్ సంస్థ తన ఉద్యోగుల చేత నడిపించి చూసింది. నికెల్ బ్యాటరీలతోనే అవి లక్ష మైళ్లు, అంటే 1,60,000 కిలోమీటర్లు దాటాయి. మన దేశంలో 2001లో బెంగుళూరు నుండి చేతన్ మైనీ 'రేవా' వచ్చింది. ఎనిమిది సీసపు బ్యాటరీల బుల్లి కారు అది. కొన్నేళ్లకొకసారి బ్యాటరీలన్నీ మార్చడం దాని యజమానులకు తప్పని ఖర్చు.

మూడవ అంకానికి నాయిక లిథియం. విటింగ్‌హామ్ 1970లలో వేసిన పునాది మీద జాన్ గుడినఫ్ 1980లో కోబాల్ట్ ఆక్సైడు ధనధ్రువాన్ని చూపాడు. 1985లో జపానులో అకిరా యోషినో క్షేమకరమైన ఘటాన్ని కూర్చాడు. 1991లో సోనీ దానిని బజారుకు తెచ్చింది. ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చింది. అప్పటికి గుడినఫ్ వయస్సు 97. బ్యాటరీ ఆయుష్షు గురించి రాస్తూ ఆ మహనీయుని ఆయుష్షును తలచుకోకుండా ఉండలేము. 1997లో ఆయనతో కలిసి అక్షయ పాఢి, నంజుండస్వామి అనే మన దేశీయులు ఇనుము, ఫాస్ఫేటులతో కూడిన ధనధ్రువాన్ని వెలుగులోకి తెచ్చారు. నేడు మన కార్లలో విరివిగా వాడే 'ఎల్ఎఫ్‌పీ' బ్యాటరీ అదే. ఒక్క కిలోకు పట్టే విద్యుత్తు కొంత తక్కువైనా, దీర్ఘాయుష్షు దాని గుణం. ఎడిసను నమ్ముకొన్న ఇనుము మరొక రూపంలో తిరిగి రావడం గమనించదగినది.

లిథియం ఘటానికి ముసలితనం వచ్చే తీరు వేరు. మన ఇళ్లలో నీళ్లు కాచే డేగిసా అడుగున తెల్లని గార పడుతుంది కదా, అట్లే ఛార్జి చేసేటపుడు గ్రాఫైటు మీద ఒక సన్నని పొర ఏర్పడుతుంది. దాని స్వభావాన్ని 1979లో ఇమ్మాన్యుయెల్ పెలెడ్ వివరించాడు. ఆ పొర లేకపోతే ద్రవం విరిగిపోతూనే ఉంటుంది కనుక అది రక్షకురాలే. కానీ పెరిగిన కొద్దీ లిథియాన్ని తనలో బంధించుకొంటుంది కనుక దొంగ కూడా అదే. బండిని నడపక షెడ్డులో పెట్టినా ఈ పొర పెరుగుతుంది. వేడి ఎక్కువైతే, నిండు ఛార్జిలో రోజుల తరబడి ఉంచితే, మరీ వేగంగా పెరుగుతుంది. అందుచేత ఈ ఘటానికి రెండు వయస్సులు. తిరిగిన కిలోమీటర్ల వయస్సు ఒకటి, గడిచిన సంవత్సరాల వయస్సు మరొకటి.

ఈ సంగతి లోకానికి బాహాటంగా తెలిసినది 2012లో. 2010 చివరలో వచ్చిన నిస్సాన్ 'లీఫ్' కారు బ్యాటరీకి ద్రవంతో చల్లబరచే ఏర్పాటు లేదు. అమెరికాలో ఎండలకు పేరుపొందిన అరిజోనా రాష్ట్రంలో, ఫీనిక్స్ పరిసరాలలో, రెండేళ్లయినా నిండని కార్ల బ్యాటరీ కొలతలో గీతలు మాయం కాసాగాయి. చల్లని ఊళ్లలో అవే కార్లు నిక్షేపంగా ఉన్నాయి. యజమానుల పోరు ఫలితంగా కంపెనీ అయిదేళ్లు లేక 60,000 మైళ్ల లోపు పన్నెండు గీతలలో తొమ్మిది కన్నా తగ్గితే బాగుచేసి ఇస్తామని ఒప్పుకొన్నది. అటుపిమ్మట వేడిని బాగా ఓర్చే రసాయనాన్ని వాడింది. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం ఎండలు తెలిసిన మనము ఈ కథను పొరుగింటి కథగా చదవరాదు. మన ఎండలకు బ్యాటరీని చల్లబరచే ఏర్పాటు ఎట్టిదో తెలుసుకోవడం కారు రంగు చూడడం కన్నా ముఖ్యం.

మరి ఇరవై ఏళ్ల మన్నికను ఇరవై ఏళ్లు ఆగకుండా తెలుసుకోవడం ఎట్లా? కెనడాలోని డల్‌హౌసీ విశ్వవిద్యాలయంలో జెఫ్ డాన్ పట్టిన దారి సూక్ష్మమైన కొలత. లెక్క చూడండి. ఒక్కొక్క ఛార్జికి ఘటం తన శక్తిలో వెయ్యో వంతు పోగొట్టుకొంటే, వెయ్యి ఛార్జీల తరువాత మిగిలేది 37 శాతమే. పదివేలవ వంతు పోగొట్టుకొంటే మిగిలేది 90 శాతం. ఒక ఛార్జికి 300 కిలోమీటర్లు నడిచే కారుకు వెయ్యి ఛార్జీలంటే మూడు లక్షల కిలోమీటర్లు. మొదటి కొద్ది ఛార్జీలలోనే ఆ అతిస్వల్ప భేదాన్ని పట్టగల పరికరం ఉంటే ముందుచూపు దొరికినట్లే. 2019లో ఆయన బృందం తమ ఘటాలు కారును పదహారు లక్షల కిలోమీటర్ల దాకా నడపగలవని అంచనా ప్రకటించింది. ఇది ప్రయోగశాలలోని మాట.

రోడ్డు మీది మాట కూడా ఉన్నది. వేలకొలది కార్ల కొలతలు సేకరించిన జియోటాబ్ సంస్థ ఏటా సగటు తరుగును 2020లో 2.3 శాతంగా, 2024లో 1.8 శాతంగా లెక్కించింది. అంటే స్థూలంగా ఏడాదికి రెండు శాతం. ఎనిమిదేళ్లకు మిగిలేది 84 శాతం చిల్లర. 2024 చివరలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మరొక శుభవార్త చెప్పారు. ఆగుతూ, కదులుతూ, వేగం పెంచుతూ తగ్గిస్తూ సాగే నిజమైన ప్రయాణం, ప్రయోగశాలలో ఒకే ధారగా ఖాళీ చేయడం కన్నా ఘటానికి మేలు చేస్తుందట. ఆ ఘటాల ఆయుష్షు దాదాపు మూడవ వంతు దాకా పెరగవచ్చునని వారి ఫలితం. మన ఊళ్ల ట్రాఫిక్కు మనకు చిరాకే కానీ, ఘటానికి అంత శత్రువు కాదన్నమాట.

కంపెనీవారిచ్చే వారంటీకీ ఆయుష్షుకూ భేదం పాటించవలెను. మన దేశంలో ఎక్కువగా వినబడేది 8 ఏళ్లు లేక 1,60,000 కిలోమీటర్లు. అది బ్యాటరీ చచ్చిపోయే తేదీ కాదు, కంపెనీ బాధ్యత ముగిసే తేదీ. సాధారణంగా సామర్థ్యం 70 శాతం కన్నా తగ్గితేనే ఆ హామీ పనిచేస్తుంది. 2025లో కొందరు తయారీదారులు మరీ ముందుకు వెళ్లి, మొదటి యజమానికి దీర్ఘకాలపు హామీ ప్రకటించారు. 'మొదటి యజమాని' అన్న ఆ రెండు మాటల దగ్గర పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. పాత కారు కొనుక్కొనే రెండవవాడే సాధారణంగా డబ్బు తక్కువవాడు. అతడికి హామీ ఉన్నదా, బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతమున్నదో రాతపూర్వకంగా ఇస్తారా అని అడగడం లజ్జ పడవలసిన విషయం కాదు. పశువును కొనేటపుడు పళ్లు చూసే ఆచారం మనకుండనే ఉన్నది.

కారుకు పనికి రాని బ్యాటరీ అన్నిటికీ పనికి రానిది కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని యోహాన్ క్రైఫ్ స్టేడియంలో 2018లో లీఫ్ కార్ల కొత్త, పాత బ్యాటరీలను కలిపి విద్యుత్తు నిలవ చేసే ఏర్పాటు చేశారు. పాత బ్యాటరీలను సేకరించి లోహాలను రాబట్టే బాధ్యతను తయారీదారుల మీద ఉంచుతూ మన దేశంలో 2022లో నియమాలు వచ్చాయి. సీసపు బ్యాటరీలకు పేరు పొందిన మన తెలుగునాటి అమరరాజా సంస్థ లిథియం ఘటాల కర్మాగారానికి 2023లో మహబూబ్‌నగర్ సమీపాన దివిటిపల్లిలో శంకుస్థాపన చేసింది. ఊరి పేరులోనే దివిటీ ఉండడం నాకు శుభశకునంగా తోచింది.

ఈ చరిత్రంతా చదివాక నాకు స్పష్టమైనది ఒకటి. బ్యాటరీ ఆయుష్షు ఒక సంఖ్య కాదు. రసాయనం, అమరిక, వేడి, వాడేవాని అలవాటు అనే నాలుగింటి మీద అది ఆధారపడుతుంది. మొదటి రెండూ కంపెనీ చేతిలో ఉంటాయి. మూడవది ఊరి చేతిలో, నాలుగవది మన చేతిలో ఉంటాయి. అవసరం లేనపుడు నిండా నింపి ఎండలో నిలపకపోవడం, పూర్తిగా ఖాళీ చేసి వదిలేయకపోవడం, అతివేగపు ఛార్జింగును ప్రయాణాలకే పరిమితం చేయడం, తమ కారు రసాయనానికి తయారీదారు రాసిన సూచనలను చదవడం, ఇంతే మన వంతు. ఎల్ఎఫ్‌పీ బ్యాటరీలకైతే అప్పుడప్పుడు నూరు శాతం నింపమనే చెబుతారు, కొలత సరిగా చూపడం కోసం.

1899లో లండను టాక్సీలవారు దెబ్బతిన్నదీ, 1904లో ఎడిసన్ తలవంచినదీ, 2012లో ఫీనిక్స్ యజమానులు పోరాడినదీ ఒకే కారణానికి. కాలం పరీక్షించక మునుపే ఆయుష్షును ప్రకటించారు. నేడు పన్నెండు, పదమూడేళ్లు రోడ్డు మీద తిరిగిన లిథియం కార్లున్నాయి. కాబట్టి 'అయిదేళ్లకే తుక్కు' అన్న మాటకు సాక్ష్యం లేదు. 'జీవితాంతం' అన్న మాటకు సాక్ష్యం ఇంకా రావలసి ఉన్నది. మీలో విద్యుత్ కారు నడిపేవారుంటే ఏటా ఒకసారి, ఒకే కాలంలో, నిండు ఛార్జికి వచ్చే దూరాన్ని ఒక పుస్తకంలో తేదీ వేసి రాసి ఉంచండి. పదేళ్ల తరువాత మన ఎండలలో ఘటం ఎన్నాళ్లు మన్నిందో చెప్పవలసివచ్చినపుడు, ఏ ప్రకటన కన్నా ఆ చేతిరాత పుటకే విలువ ఎక్కువ.

స్వస్తి.